సున్నా మీద గీత

మా వదిన సవ్లత్‌మో చేతిరాత చూసే మా అన్న ఆమె వెంట పడ్డాడని మా అమ్మ అంటూ ఉండేది. అందులో వెటకారం పాలెంతో నిజం పాలెంతో నేను చెప్పలేను గానీ, వదిన రాత మాత్రం ముత్యాలు పేర్చినట్టుండేది. వఖ్ష్ లోయలో మా సమష్టి క్షేత్రం ట్రాక్టర్ల షెడ్డులో ఆమెది రంగుల పని. ట్రాక్టర్ల మీద నంబర్లు, డీజిలు పీపాల మీద "నిప్పు తేవద్దు", పత్తి ఏరే కాలంలో గోడల మీద నినాదాలు, అన్నీ ఆమె చేతివే. మా అన్న హోకిమ్‌షో అదే షెడ్డులో వెల్డరు.

మావాళ్ళు కులోబు వైపు నుంచి వచ్చారు. వదినవాళ్ళు గార్మ్ కొండల నుంచి. మా తాతల కాలంలో పత్తి పండించడానికి ఇద్దరినీ లారీల్లో తెచ్చి ఈ లోయలో దించేశారు. యాసలు వేరు, వంటలు కాస్త వేరు, అంతే. అన్నావదినల పెళ్ళిలో జరిగిన పెద్ద గొడవల్లా పలావులో శనగలు వెయ్యాలా వద్దా అన్నదే. మా అమ్మ రెండు రోజులు అలిగింది. వదిన వాళ్ళ నాన్న మీర్జోషరీఫ్ మాస్టారు, మా బళ్ళో భూగోళం చెప్పేవారు, ఆయనే స్వయంగా వచ్చి, "వియ్యపురాలా, సగం డేగిసాలో శనగలు వేయిద్దాం, సగంలో మానేద్దాం, మీరు ఏ సగం పక్కన కూర్చుంటారో చెప్పండి" అన్నాక నవ్వింది.

తొంభై రెండు వేసవిలో మా రాజధాని దుషాన్‌బేలో మొదలైన గొడవ మా లోయలోకి దిగింది. ఎవరు దేనికోసం కొట్టుకుంటున్నారో మాకు రేడియో చెప్పింది, అర్థం కాలేదు. మేము చూసింది ఏమిటంటే, కొండవాళ్ళ ఇళ్ళ కుర్రాళ్ళు ఒక పక్క చేరారు, కులోబు ఇళ్ళ కుర్రాళ్ళు ఇంకో పక్క చేరారు. ఎటూ చేరనివాళ్ళు తలుపులేసుకున్నారు.

ఒకరోజు పొద్దున కొండవాళ్ళ దళం ఎనిమిది చక్రాల ఇనప బండొకటి షెడ్డులోకి తోలుకొచ్చింది. సైన్యం దగ్గర గుంజుకొచ్చిందట. వాళ్ళ నాయకుడు అంతకుముందు మా రూటు బస్సు డ్రైవరు.

"అక్కా, దీని మీద తెల్లగీత వెయ్యి. రెండు పక్కలా, అడ్డంగా, లావుగా. ఎక్కడినుంచి చూసినా కనబడాలి" అన్నాడు వదినతో.

"ఎందుకు?"

"అవతలోళ్ళ దగ్గరా ఇదే బండి ఉంది. అదే ఫ్యాక్టరీ, అదే పచ్చరంగు. మొన్న దుమ్ములో తెలీక మా కుర్రాళ్ళని మేమే కాల్చుకున్నాం." అతను తల దించుకున్నాడు.

వదిన నంబరు రాసేటంత శ్రద్ధగా గీత వేసింది. ఒక అంచు వంకర పోతే తుడిచి మళ్ళీ వేసింది.

"యుద్ధానికి పోయే బండికి సొగసులెందుకక్కా?"

"వంకరగా పోనిస్తే నాకు అన్నం సయించదు. నువ్వు తొందరపడకు, ఆరనీ."

ఆ తర్వాత వాళ్ళు మా అన్న చేత ఒక గొలుసు ట్రాక్టరుకి చుట్టూ ఇనప రేకులు అతికించారు. అద్దాల బదులు బెత్తెడు సందు, పైన ఒక మూత. దాని మీదా గీత పడింది. మా ఊళ్ళో పిల్లలు వాళ్ళకి "గీత వాళ్ళు" అని పేరు పెట్టారు. అవతలి పక్షం తమ బండ్లమీద తెల్లని సున్నా చుట్టేది కాబట్టి వాళ్ళు "సున్నా వాళ్ళు". మెల్లమెల్లగా పెద్దవాళ్ళకీ అదే అలవాటైంది. కొండవాళ్ళు, కులోబువాళ్ళు అంటే చుట్టాలు గుర్తొస్తారు. గీత, సున్నా అంటే ఎవరూ గుర్తురారు.

చలికాలం ముంచుకొచ్చే వేళకి గీత వాళ్ళు ఓడిపోయి నది వైపు రెల్లుపొదల్లోకి పారిపోయారు. ఇనప ట్రాక్టరు మొరాయించి కదలకపోతే షెడ్డులోనే వదిలేశారు. మర్నాడు సున్నా వాళ్ళు దిగారు.

వాళ్ళ నాయకుడు ట్రాక్టరు మీద గీతని బూటుతో తన్ని, "ఇది ఎవరు రాశారు?" అన్నాడు.

షెడ్డులో అన్న, వదిన, రొట్టెలు తీసుకెళ్ళిన నేనూ అమ్మా ఉన్నాం. వదిన వేళ్ళ సందుల్లో తెల్లరంగు ఉంది. చేతులు కొంగులో దాచుకుంది.

మా అమ్మ ముందుకొచ్చింది. "నేను రాశాను. పట్టుకుపో. ఏరా, నీ మాట వింటే మా ఊరివైపు వాడిలా ఉన్నావు. మీ అమ్మ ఎవరు? పెద్దవాళ్ళ ముందు బూటు ఎత్తొచ్చని ఆవిడే నేర్పిందా?"

అచ్చమైన కులోబు యాస. అతను ఖంగుతిని తర్వాత పక్కున నవ్వాడు. "అవ్వా, మీరు మావాళ్ళే. మీకేం భయం లేదు. మరి ఈ పిల్ల?"

"నా కోడలు. నా పొయ్యి దగ్గర కూర్చునేది నాదే."

అతను వదినని ఎగాదిగా చూశాడు. "సరే. గీత వేసిన చెయ్యే సున్నా వేస్తుంది. ట్రాక్టరు బాగుచేసి వంతెన దగ్గరికి తోలండి. పత్తి బేళ్ళు కూడా కావాలి, తూటాలకి అడ్డం పెట్టుకోవడానికి."

వదిన ఆ ట్రాక్టరుకీ, వాళ్ళ బండ్లన్నిటికీ సున్నాలు చుట్టింది. ఈసారి అంచులు వంకరపోయినా తుడవలేదు.

అదే వారంలో సున్నా వాళ్ళు కొండవాళ్ళ ఇళ్ళలో మిగిలిన మగవాళ్ళని మీటింగని చెప్పి కాలువ దగ్గరికి పిలిచారు. పోయినవాళ్ళు తిరిగి రాలేదు. కాల్పులు మా వాకిట్లోకి వినబడ్డాయి. అమ్మ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడింది. మీర్జోషరీఫ్ మాస్టారు ఆవేళ జ్వరంతో మా ఇంట్లో పడుకుని ఉండబట్టి మిగిలారు. మగదిక్కు లేని ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు పత్తి గోడౌన్‌లో దాక్కున్నారు. ఆ సంగతి ఎంతో కాలం దాగదని వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు.

"నదికి చేర్చాలి. పంజ్ దాటితే అఫ్గాన్ గట్టు. జనం టైరు ట్యూబుల మీద దాటుతున్నారట" అన్నాడు అన్న టీ ముందు కూర్చుని.

"ఎలా చేరుస్తావు? రెక్కలు అతికిస్తావా?" అంది అమ్మ.

"ట్రాక్టరు బాగైంది, వంతెనకి తోలమన్నారుగా. వెనక రెండు పత్తి ట్రాలీలు కడతా. కింద మనుషులు, పైన బేళ్ళు. చౌరస్తా దగ్గర సున్నా వాళ్ళ పహరా. బండి మీద సున్నా ఉంది, నువ్వు ముందు కూర్చుని మాట్లాడు, వదిలేస్తారు. తర్వాత వంతెనకి పోకుండా కాలువ గట్టు దారి పడితే రెల్లుపొదలు. అక్కడ గీత వాళ్ళున్నారు."

"సున్నాతో కనబడితే వాళ్ళు కాల్చేస్తారు కదా!" అన్నాన్నేను.

వదిన రొట్టె తుంచుతూ తల ఎత్తకుండా అంది, "మధ్యలో నేను మారుస్తాను. డబ్బా తెచ్చుకుంటా. అక్కడ నేను మాట్లాడతా, మా యాస వింటే నమ్ముతారు. నువ్వు మాత్రం నోరు విప్పకు, హోకిమ్."

"నన్నెప్పుడు విప్పనిచ్చావు గనక" అన్నాడు అన్న. మాస్టారు పక్కమీద నుంచే నవ్వారు, దగ్గు తెర వచ్చింది. అందరం ఆ దగ్గునే విన్నాం.

మర్నాడు పొద్దెక్కినా మంచు విడవలేదు. గోడౌన్‌లోనే జనాన్ని ట్రాలీల్లో పడుకోబెట్టి, ఊపిరాడేలా సందులు వదిలి బేళ్ళు పేర్చాం. మాస్టారిని, వదినని, నన్నూ మొదటి ట్రాలీలోనే పెట్టారు. చంటిపిల్లల నోళ్ళలో చక్కెర మూట కట్టిన గుడ్డముక్కలు. పత్తి దుమ్ము గొంతులోకి పోకుండా తడిబట్ట ముఖానికి చుట్టుకోమన్నాడు అన్న. ట్రాక్టరు మీద సున్నా మాసిపోయి ఉంటే వదిన తెల్లవారుతూనే మళ్ళీ దిద్దింది. అదే తప్పయింది. చలికి రంగు ఆరలేదు.

చౌరస్తా దగ్గర ట్రాక్టరు ఆగింది. బేళ్ళ సందులోంచి నాకు ఒక తుపాకీ, ఒక చెయ్యి కనబడ్డాయి. ఆ చెయ్యి సున్నాని తాకింది.

"ఇదేంటి, తడిగా ఉంది!"

అమ్మ ట్రాక్టరు పక్క పీటలాంటి రేకు మీద కూర్చుని ఉంది. "తడిగా ఉండక? నీ నాయకుడు నిన్న రాయమన్నాడు, ఈ చలికి నా మోకాళ్ళే ఆరడం లేదు, రంగెక్కడ ఆరుతుంది? వేలు పెట్టి చెరిపావు కదా, ఇప్పుడు నిన్నే అంటించనా అక్కడ?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతను వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "పో అవ్వా, పో."

గొలుసు కదిలింది. సరిగ్గా అప్పుడు మాస్టారికి దగ్గు వచ్చింది. తడిబట్ట నోట్లోకి కుక్కుకున్నారు. ఆగలేదు. ఒళ్ళంతా కుదిపేసింది. ట్రాక్టరు ఆపమని కేక వినబడింది.

వదిన ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిని నెమ్మదిగా విడిపించుకుని, ఆమె నోటిమీద తన అరచెయ్యి ఒక్క క్షణం ఉంచారు. బళ్ళో పిల్లలు అల్లరి చేస్తే అలాగే చేసేవారు. తర్వాత తనే బేలు పక్కకి నెట్టుకుని పైకి లేచి, మళ్ళీ దాన్ని మా మీదకి లాగేశారు.

"అయ్యా, నేనొక్కణ్ణే. ఈ అవ్వకి తెలీదు. దొంగతనంగా ఎక్కాను" అన్నారు. ఆయన కొండ యాస దాచుకోలేదు, దాచుకుందామన్నా దాగేది కాదు.

"అవ్వా, ఎవరు ఈ ముసలాడు?"

మా అమ్మ గొంతు అంత పలచగా నేనెప్పుడూ వినలేదు. "నాకేం తెలుసు? దింపుకోండి. నా పత్తంతా చిందరవందర చేశాడు."

దింపుకున్నారు. నేను వదిన మీద అడ్డం పడి పడుకున్నాను, లేస్తుందేమోనని. లేవలేదు. పళ్ళు నా భుజంలో దిగాయి, నేనూ అరవలేదు. ట్రాక్టరు కదిలింది. కొంత దూరం పోయాక తుపాకీ చప్పుడు వినబడింది. ఆయన కోసమేనని ఎవరూ చెప్పలేరు. ఆ రోజుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి వినబడుతూనే ఉండేది.

కాలువ గట్టు మీదికి మలుపు తిరిగాక అన్న బండి ఆపాడు. ఇంజను ఆపలేదు, ఆపితే మళ్ళీ లేవదని భయం. వదినని బయటికి లాగి నిలబెట్టాడు. ఆమె ఒళ్ళంతా పత్తి.

"సవ్లత్, గీత వెయ్యి."

ఆమె చూస్తూ నిలబడింది.

"సవ్లత్. వెనక పిల్లలున్నారు."

అప్పుడు కదిలింది. డీజిలు గుడ్డతో సున్నాని తుడిస్తే రేకంతా తెల్లగా పులుముకుంది. గట్టు మట్టి తీసి రుద్దింది. రంగు చలికి గడ్డకట్టి కుంచెకి అంటడం లేదు, ఇంజను పొగగొట్టం దగ్గర డబ్బా పెట్టి వేడిచేశాను. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీసింది. ఆ మంచులో వెనకనుంచి ఇంకో బండి చప్పుడైంది. మేము అక్కడే బిగుసుకుపోయాం. మా బండి మీద అప్పటికి సగం సున్నా, సగం గీత. మంచులోంచి ఎనిమిది చక్రాల బండి వచ్చింది. దాని మీద ఏ గుర్తూ లేదు. పై మూతలోంచి చెవులు కప్పే టోపీ పెట్టుకున్న ఒక సిపాయి మమ్మల్ని చూశాడు, మా డబ్బాని చూశాడు, కుంచెని చూశాడు. ముఖం తిప్పుకుని పోయాడు. వాళ్ళు ఎవరో, ఎవరి సైన్యమో నాకు ఈనాటికీ తెలీదు.

రెల్లుపొదలు మొదలయ్యే చోట దారికి అడ్డంగా చెట్టు మొద్దులున్నాయి. అన్న ఆపాడు. మంచు కాస్త పలచబడింది. పొదల్లోంచి ఎవరూ కాల్చలేదు. గీత కనబడిందన్నమాట.

అక్కడ వదిన మాట్లాడాలి. అదీ అనుకున్నది. ఆమె ట్రాలీ అంచు పట్టుకుని నిలబడి నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఆ అరచెయ్యి ఇంకా నోటిమీదే ఉన్నట్టు ఉండిపోయింది.

ట్రాక్టరు పైమూత తెరుచుకుంది. అన్న తల, తర్వాత భుజాలు పైకి వచ్చాయి. వెనక్కి తిరిగి భార్యని చూశాడు. ఆమె వల్ల కాదని అర్థమైంది. రెండు చేతులూ ఎత్తి పొదలవైపు అరిచాడు.

"కాల్చకండి! మీవాళ్ళమే! పిల్లలున్నారు!"

మాట మాటా కులోబు యాస. ఒకే ఒక్క తూటా వచ్చింది. అన్న మూత మీదికి వాలాడు, పనిలో అలసిపోయి కాసేపు ఒరిగినట్టు.

అప్పుడు పెగిలింది వదిన గొంతు. అది అరుపు కాదు, ఇంకేదో. కొండ యాసలో తన పేరు, ఊరు పేరు, నాన్న పేరు, నాన్న చెప్పిన పాఠాల పేర్లు, ఏది నోటికొస్తే అది. పొదల్లోంచి ఒక యువకుడు బయటికి వచ్చాడు. గడ్డం సరిగా రాలేదు.

"మీర్జోషరీఫ్ మాస్టారి అమ్మాయివా?" అన్నాడు. "మాస్టారేరీ?"

ఆమె ట్రాక్టరు ఎక్కి అన్న తలని ఒళ్ళో పెట్టుకుంది. ఆ కుర్రాడు తుపాకీ నేలమీద పెట్టేసి కూలబడ్డాడు. "యాస విన్నానక్కా. గీత వేసుకుని మోసం చేస్తున్నారని చెప్పారు. యాస విన్నాను" అంటూనే ఉన్నాడు.

మా అమ్మ దిగి వెళ్ళి కొడుకు కళ్ళు మూసింది. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేక కొంగుకి తుడుచుకుంది. తర్వాత ఆ కుర్రాడి దగ్గరికి వచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాం.

"లే. బండి తోలడం వచ్చా?"

"వచ్చు."

"తోలు. వీళ్ళని నది దాటించి అప్పుడు ఏడు."

అన్నని పంజ్ ఒడ్డున ఇసుకలో పూడ్చాం. మంచి నేల వెతికే తీరిక లేదు. టైరు ట్యూబుల మీద తడికలు వేసి జనాన్ని దాటించారు. మా కళ్ళముందే రెండు తడికలు తిరగబడ్డాయి. పిల్లల్ని పట్టుకోమని అరుపులు, తర్వాత ఒట్టి నీళ్ళ చప్పుడు. అవతలి ఒడ్డున చలికి పోయినవాళ్ళు ఎంతమందో లెక్క చూసినవాళ్ళు లేరు.

అఫ్గాన్ వైపు కుందూజ్ దగ్గర శరణార్థుల డేరాల్లో మేము ముగ్గురం ఒకే దుప్పటి కింద ఉండేవాళ్ళం. వదిన మధ్యలో. ఎన్నో రోజులు ఆమె ఒకే మాట అంది. "అత్తా, నేను నోరు విప్పాల్సింది."

అమ్మ అటు తిరిగి పడుకునేది. చాలా రోజులు ఆమె ముఖం కూడా చూడలేదు. పక్క డేరాల వాళ్ళేమో, "కులోబు ముసలిది ఇక్కడెందుకు?" అని మాకు వినబడేలా అనేవారు. ఒకరోజు ఒకామె రొట్టెల వరసలోంచి అమ్మని పక్కకి తోసేసింది. వదిన వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని, "నా అత్త కాల్లో ముల్లు దిగితే నీ కంట్లోంచి తీస్తా" అంది. అంత మోటుమాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

ఆ సాయంత్రం అమ్మ తన వాటా రొట్టె తుంచి వదిన చేతిలో పెట్టింది. "నోరు విప్పి ఉంటే నీకు తగిలేదేమో. నేనూ చౌరస్తాలో 'నాకేం తెలుసు' అన్నాను. నువ్వు నన్ను అడగలేదు, నేను నిన్ను అడగను. తిను."

అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. నేను బయటికి వచ్చేశాను.

కొన్నేళ్ళకి తిరిగి వచ్చాం. మా ఇంటికి పైకప్పు లేదు, తలుపులు లేవు, వాకిట్లో మల్బరీ చెట్టు కూడా ఎవరో కొట్టుకుపోయారు. మాస్టారి గురించి మేము అడగని మనిషి లేడు. చౌరస్తాలో ఆవేళ ఉన్నవాళ్ళలో ఒకడు ఇప్పుడు బజార్లో ఉల్లిపాయలు అమ్ముతాడు. వదిన అతని దగ్గరికే వెళ్ళి అడిగింది. "అక్కా, చాలామందిని దించాం. ఎవరు ఎవరో..." అని తూకం రాళ్ళు సర్దుకున్నాడు. ఇంతవరకు ఆయన ఎముక కూడా దొరకలేదు.

షెడ్డు మళ్ళీ తెరిచాక వదినని పనికి పిలిచారు. వెళ్ళింది. ముగ్గురి కడుపులు నిండాలి కదా. ట్రాక్టర్ల మీద నంబర్లు రాస్తుంది. బాగానే రాస్తుంది. మధ్యమధ్యలో కుంచె పట్టుకుని ఊరికే నిలబడిపోతుందనీ, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే కదులుతుందనీ పనివాళ్ళు చెబుతారు.

పోయిన ఏడాది కులోబు నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. అమ్మని, నన్ను తీసుకుపోతానని. అక్కడ పెద్ద ఇల్లుంది, ఆవులున్నాయి. "ఈ పాడుపడ్డ గదిలో ఎందుకు పిన్నీ? ఆ కొండపిల్లతో నీకేం సంబంధం మిగిలింది? కొడుకే లేడు కదా" అన్నాడు.

వదిన తలుపు దగ్గరే టీ పళ్ళెంతో నిలబడి ఉంది. అమ్మకి ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు, కానీ అడుగుల చప్పుడు గుర్తుపడుతుంది.

"కొడుకు లేడు కాబట్టే. వాడి గురించి మాట్లాడుకోవడానికి ఇంకెవరున్నారు నాకు? టీ చల్లారిపోతోంది, తాగి వెళ్ళు నాయనా" అంది.